స్ట్రాడర్ విసిరిన ఎర్ర గుడ్డ

మిగతా కోచ్‌లందరూ ఎర్ర గుడ్డని జేబులో పెట్టుకుంటారు. టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఆర్లిన్ స్ట్రాడర్ మాత్రం సాక్సులో దోపుకుంటాడు. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదనీ, వంగి తీయాల్సి వస్తే ఆ వంగేలోపైనా బుద్ధి వస్తుందనీ ఆయన భార్య ఇచ్చిన సలహా అది. ఆ సలహా కాస్తా గాలికి పోయింది. ఈ ఏడు స్ట్రాడర్ వంగినన్నిసార్లు టొలీడో చుట్టుపక్కల ఏ రైతూ తన పొలంలో వంగి ఉండడు. వంగిన ప్రతిసారీ ఆయన మాటే ఓడింది.

రిఫరీ తీర్పు తప్పని తోస్తే, బంతి మళ్ళీ కదిలి తర్వాతి ఆట మొదలయ్యేలోపు కోచ్ ఆ గుడ్డని మైదానంలోకి విసరాలి. అప్పుడు వీడియో వేసి చూస్తారు. తప్పని తేలితే తీర్పు మారుస్తారు. తేలకపోతే విసిరినవాడికి గడియారం ఆపించే టైమ్‌అవుట్ ఒకటి పోతుంది, పరువు అదనం. స్ట్రాడర్ పరువు ఎంత దూరం పోయిందంటే, టొలీడోలో చేపల దుకాణంవాడు సైతం చెయ్యి తుడుచుకునే ఎర్ర గుడ్డని ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు.

ఆ సీజన్ ఆఖరి మ్యాచ్ డులూత్ జట్టుతో, వాళ్ళ ఊళ్ళోనే. గెలిచినవాళ్ళు నాకౌట్‌కి వెళతారు, ఓడినవాళ్ళు ఇంటికి. పొద్దున్న హోటల్లో జట్టు జనరల్ మేనేజర్ ఫెల్ప్స్ స్ట్రాడర్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. వయసులో కొడుకంత, పెత్తనంలో తాతంత మనిషి.

"పైనుంచి నోరీన్ సరేనంటేనే విసరండి కోచ్. ఆవిడ వద్దన్నాక విసిరారో, రేపట్నుంచి మీరు ఇంటి దగ్గరే. ఇది నా మాట కాదు, ఓనర్‌గారి మాట."

"ఓనర్‌కి నోరు లేదా?"

"ఉంది. ఆ నోటితోనే చెప్పారు."

స్ట్రాడర్ పళ్ళెంలో కోడిగుడ్లు అలాగే వదిలేసి లేచాడు. అరవై దాటినవాడికి ఈ ఉద్యోగం పోతే ఇంకెవరూ పిలిచి ఇంకో జట్టు అప్పజెప్పరు. ఆయనకి వేరే పని రాదు, వేరే పని మీద ఇష్టమూ లేదు. భయపడ్డాడు. భయపడినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

నోరీన్ పని పైన అద్దాల గదిలో టీవీల ముందు కూర్చుని, ప్రతి ఆటా మళ్ళీ వేసినప్పుడు చూసి, విసరాలో వద్దో హెడ్‌సెట్‌లో కోచ్ చెవిన వేయడం. తెలివైన మనిషి. కానీ మూడో భాగంలో ఆవిడా బోల్తా పడింది. డులూత్ ఆటగాడు కార్లిస్ వేన్ బంతి పట్టాడు. అతను ఓ గెంతు గెంతగానే వాళ్ళ జట్టంతా పరిగెత్తుకొచ్చి తర్వాతి ఆటకి గీత మీద నిలబడింది. మైదానంలోని పెద్ద తెర మీద బీరు ప్రకటన వేశారు. స్టేడియం ఎవరి ఊరిదైతే తెర వాళ్ళ మాటే వింటుంది. అవతలివాళ్ళకి పనికొచ్చే దృశ్యం ఉన్నప్పుడు దాన్ని వేయరు, బీరు వేస్తారు. అది ఎక్కడైనా ఉన్నదే.

"తొందరపడుతున్నారంటే ఏదో ఉంది. విసరండి," అంది నోరీన్.

విసిరాడు. వీడియోలో వేన్ బంతిని పసిపిల్లని ఎత్తుకున్నంత శుభ్రంగా పట్టుకుని ఉన్నాడు. ఆ తొందరంతా నాటకం. స్ట్రాడర్ చేతి దురద ఊరందరికీ తెలిసిందే కదా, కావాలని గోకారు. అప్పుడు తెర మీద ఆ దృశ్యాన్ని నాలుగైదుసార్లు తిప్పి తిప్పి వేశారు. స్టేడియం పగలబడి నవ్వింది.

ఇక మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాల్లో పడడానికి కొన్ని క్షణాలే ఉన్నాయి. ఆ రెండు నిమిషాల్లో అనుమానం వస్తే వీడియో అధికారులే చూసుకుంటారు, కోచ్‌కి విసిరే హక్కు ఉండదు. టొలీడో నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. చేతిలో ఒక్క టైమ్‌అవుట్. బంతి డులూత్ దగ్గర. వేన్ ముందుకి దూకి, నేలకి జానెడెత్తులో బంతిని పొట్టకి హత్తుకుని పడ్డాడు. అతని మీద టొలీడో కుర్రాడు టిబ్స్ పడ్డాడు. పట్టినట్టే అని రిఫరీ చెయ్యి చూపించాడు. అది పట్టినట్టయితే డులూత్ బంతిని వదలదు, గడియారం అయిపోయేదాకా కాలక్షేపం చేసి గెలిచేస్తుంది. బంతి నేలని తాకి ఉంటే మాత్రం ఆ పట్టు చెల్లదు, దాన్ని టొలీడో వైపు తన్నేయాల్సిందే. అప్పుడు ప్రాణం ఉన్నట్టే.

డులూత్ జట్టు గీత మీదకి పరుగు. తెర మీద బీరు.

"వద్దు కోచ్," అంది నోరీన్. "వెనక నుంచి చూపించారంతే, బంతి కనబళ్ళేదు. ఇందాకటి నాటకమే ఇది."

"వద్దంది, విన్నారా?" హెడ్‌సెట్‌లో ఫెల్ప్స్ గొంతు. ఎప్పుడు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడో.

మైదానం పక్కన నిలబడ్డ టొలీడో ఆటగాళ్ళంతా నేల తాకింది, తాకిందని చేతులూపుతున్నారు. వాళ్ళ మాటకేం, ఆకాశంలో పట్టినా నేల తాకిందనే అంటారు.

"టిబ్స్, చూశావురా?" అని అరిచాడు స్ట్రాడర్.

"చూళ్ళేదు కోచ్. వాడి భుజం నా మొహంలో ఉంది."

నిజం చెప్పినవాడు వాడొక్కడే, వాడి వల్ల ఉపయోగం లేకపోయింది. స్ట్రాడర్ చూపు వేన్ మీదకి పోయింది. వేన్ బంతి పట్టాడంటే గెంతాల్సిందే. రెండు చేతులూ రెక్కల్లా ఆడించుకుంటూ, అవతలివాడి మొహమ్మీదికి పోయి మరీ గెంతుతాడు. ఇందాక నాటకమాడినప్పుడు కూడా ముందు గెంతి, ఆ తర్వాతే పరిగెత్తాడు. ఇప్పుడు గెంతలేదు. బంతిని రిఫరీ చేతిలో కుక్కి, తల దించుకుని గీత దగ్గరికి పోయాడు. తొందరపడమని కోచ్ నేర్పిస్తాడు. గెంతొద్దని వేన్‌కి దేవుడు కూడా నేర్పించలేడు.

స్ట్రాడర్ వంగాడు. మోకాలు కలుక్కుమంది. అవతల డులూత్ ఆటగాడి చెయ్యి బంతి మీద పడింది, ఇంకో క్షణంలో ఆట మొదలు. గుడ్డ బయటికొచ్చింది, ఎగిరింది, రిఫరీ కాళ్ళ దగ్గర పడింది. ఈల మోగింది.

చెవిలో ఫెల్ప్స్ ఏదో కేకలు పెడుతున్నాడు. స్ట్రాడర్ హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకున్నాడు. పొద్దుటి భయం లేదు.

రిఫరీ చేతిలో చిన్న తెర పెట్టారు. న్యూయార్క్‌లో కూర్చున్న వీడియో అధికారులు అతని చెవిలో మాట్లాడుతున్నారు. అన్ని వైపుల నుంచీ చూశారు. బంతి వేన్ పొట్ట కింద ఉంది. ఒక్క దృశ్యంలో అతని మోచేతికీ నేలకీ మధ్య గోధుమరంగు ఏదో కనబడింది. అది బంతీ కావచ్చు, టిబ్స్ చేతి తొడుగూ కావచ్చు. తీర్పు మార్చాలంటే 'కావచ్చు' సరిపోదు.

"మైదానంలో ఇచ్చిన తీర్పు అలాగే ఉంటుంది," అన్నాడు రిఫరీ.

'తీర్పు సరైనదే' అనలేదు, గమనించండి. వీడియోలో పట్టినట్టు రుజువు దొరికి ఉంటే ఆ మాటే అనేవాడు. అటూ ఇటూ ఏదీ తేలనప్పుడే 'అలాగే ఉంటుంది' అంటారు. ఏది అన్నా టైమ్‌అవుట్ పోతుంది. డులూత్ ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోవడం, మోకాలు నేలకి ఆనించి కాలం గడపడం, అలా గడియారం అయిపోయింది. టొలీడో సీజనూ అయిపోయింది.

చేతులు కలుపుకునే గుంపులో వేన్ ఎదురయ్యాడు.

"ఏం పెద్దాయనా, మళ్ళీ బోల్తానా?"

"నువ్వెందుకు గెంతలేదురా?"

వేన్ నవ్వు ఆగిపోయింది. చుట్టూ కెమెరాలున్నాయేమోనని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "కాళ్ళు రాలేదు కోచ్," అన్నాడు. "ఎవరైనా అడిగితే అనలేదంటాను."

"అడగర్లే. పో, వెళ్ళి వచ్చే మ్యాచ్ గెలువు."

విలేకరుల గది గుమ్మంలో ఫెల్ప్స్ కాపు కాసి ఉన్నాడు. "ఓనర్‌తో మాట్లాడాను. ఆవేశంలో తప్పు చేశాను, క్షమించండి అనండి. రెండు ముక్కలు, అంతే. ఆయన చల్లబడతాడు, వచ్చే ఏడు కూడా జట్టు మీదే."

స్ట్రాడర్‌కి ఆశ పుట్టింది. పుట్టదా మరి? రెండు ముక్కలకి ఇంకో ఏడాది ఆట. టిబ్స్‌ని మంచి ఆటగాణ్ణి చేయొచ్చు. ఆ రెండు ముక్కలూ నాలుక మీద పెట్టుకునే లోపలికి వెళ్ళి, మైకు ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ గుడ్డ విసరడం తప్పంటారా కోచ్?" అని మొదటి ప్రశ్న.

ఫెల్ప్స్ తలుపు దగ్గర నిలబడి అవునను అన్నట్టు మెల్లగా తలూపుతున్నాడు.

"బంతి నేలని తాకింది," అన్నాడు స్ట్రాడర్.

"వీడియోలో కనబడలేదు కదా?"

"కెమెరాకి కనబడలేదు. అది కెమెరా ఖర్మ."

"మరి మీకెలా తెలుసు?"

వేన్ పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "నాకు తెలుసు. అలాగే రాసుకోండి."

"మళ్ళీ అదే ఆట వస్తే?"

"మళ్ళీ విసురుతాను. పైనుంచి పదిమంది వద్దన్నా విసురుతాను."

గదిలో ఎవరో నవ్వారు. స్ట్రాడర్ నవ్వలేదు. లేచి, కుర్చీని కాస్త వెనక్కి లాగి పట్టుకుని, తలుపు వైపు చూశాడు.

"రా ఫెల్ప్స్, వచ్చి కూర్చో," అన్నాడు మైకులో అందరికీ వినబడేలా. "వీళ్ళకి ఏవో రెండు ముక్కలు చెప్పాలన్నావుగా. నావల్ల కాలేదు, నువ్వే చెప్పు."