నలభై ఒకటో నంబరు పెన్ను

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా వాళ్లందరూ నా వెనక అంటారు, అందుకని నేనే ముందు చెప్పేస్తున్నాను. పేరు మనోరమ. ఉండేది జగిత్యాల. పోస్టాఫీసు కౌంటర్‌లో ముప్పై నాలుగేళ్లు కూర్చున్నాను. దారం కట్టిన పెన్నులతో, ఎండిపోయిన స్టాంపు ప్యాడ్‌లతో, సంతకం మరిచిపోయి వచ్చేవాళ్లతో వేగి వేగి రిటైరయ్యాను. కాబట్టి పెన్నుల సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదని నా ధీమా. ఆ ధీమా కొంప ముంచింది. మునిగింది నా కొంప కూడా కాదు.

సిరిసిల్లలో శ్రీశైలం అని ఒకతను ఉన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. బట్ట నేసే సాంచాలకు విరిగిపోయిన భాగాలను లేత్ మిషన్ మీద మళ్లీ చేసి ఇచ్చేవాడు. ఆ పని మానేసి, అలాంటి లేత్ మీదే సిరా పెన్నులు చేస్తానని ఇంటర్నెట్‌లో పెట్టాడు. జనం ముందే డబ్బు కట్టాలి. అనుకున్నంత మంది చేరితే పెన్నులు చేసి పంపుతాడు, చేరకపోతే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి పోతుంది. పెన్నుకు మానేరు అని పేరు పెట్టాడు. మన ఏటి పేరు కదా అని మురిసిపోయి మొదటి విడతలోనే కట్టాను. నాలుగు నెలల్లో ఇస్తానన్నవాడు పదకొండో నెలలో పంపాడు. అప్పటికే నేను సగం ఉడికిపోయి ఉన్నాను. అయితే పెట్టె తెరిచాక ఆ ఉడుకు కాస్తా దిగిపోయింది. నేరేడు పండు రంగు, చేతికి సరిపోయే బరువు, మూత మీద చెక్కిన నంబరు: 41.

మా వైపు స్కూటీ కొన్నా ట్రాక్టర్ కొన్నా ముందు కొండగట్టు తీసుకుపోతారు. ఆంజనేయస్వామి ముందు పూజ కాకుండా బండి వాడరు. నేను పెన్నుకూ అదే చేశాను. సిరా పొయ్యకుండానే పట్టు గుడ్డలో చుట్టి కొండ ఎక్కించాను. పూజారి నవ్వి, స్వామి సింధూరం తీసి మూత మీద చిన్న బొట్టు పెట్టాడు. నాకు తృప్తి కాలేదు. రాసేది మూతా, పాళీనా? బయటికి వచ్చాక, ఆకులో ఇచ్చిన సింధూరాన్ని వేలికి తీసుకుని, మూత విప్పి, పాళీకి పైనా కిందా నా చేత్తోనే బాగా పట్టించాను. ఇంటికొచ్చి పైపైన తుడిచి సిరా పోశాను. నాలుగు వరుసలు రాసింది, అయిదో వరుసలో తడబడింది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

మా కుటుంబంలో ఎవరి పెళ్లి కుదిరినా లగ్నపత్రిక రాసేది నేనే. ముహూర్తం పెట్టే అయ్యగారు చెబుతుంటే నేను రాస్తాను. నా చేతిరాత బాగుంటుందని కొంత, నేను రాసిన జంటల్లో ఇంతవరకు ఎవరూ విడిపోలేదని కొంత. కోరుట్లలో ఉండే మా తమ్ముడు శ్రీనివాస్ రావు కూతురు వర్షితకు మల్లాపూర్ సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు విశ్వజిత్. వర్షిత అంటే నాకు ప్రాణం. ఆ పిల్ల లగ్నపత్రికతోనే మానేరు మొదలుపెట్టాలని అనుకున్నాను.

ఆ రోజు హాలు నిండా మల్లాపూర్ వాళ్లు. కాగితం నాలుగు మూలలా పసుపు పెట్టారు. తిథి, వారం, గోత్రాలు అన్నీ సాఫీగా సాగాయి. వర్షిత పేరు దగ్గరికి వచ్చి మొదటి అక్షరం రాశానో లేదో, పెన్ను ఆగిపోయింది. విదిలించాను. నొక్కాను. కాగితం మీద గీత పడింది తప్ప సిరా రాలేదు. అయ్యగారు చెప్పడం ఆపి నా వైపు చూశాడు. ఆయన్ని చూసి అందరూ చూశారు. పిల్లవాడి మేనత్త ఒకావిడ ముందు వరుసలో కూర్చుంది. ఆవిడ, "పేరు కాడనే ఆగిందేంది?" అంది. అంతే, ఇంకో మాట అనలేదు. తమ్ముడి జేబులోంచి బాల్‌పెన్ను లాక్కుని మిగతాది పూర్తి చేశాను. మా పిల్ల పేరు ఒక అక్షరం నల్లగా, రెండు అక్షరాలు నీలంగా ఉండిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో ఎంతసేపని! దిగేలోపే శ్రీశైలం పేజీలో పెట్టేశాను. "ఈ పెన్ను మోసం. ఒక ఆడపిల్ల లగ్నపత్రిక మీద సరిగ్గా ఆమె పేరు దగ్గర ఆగిపోయింది. ఎవరూ డబ్బు కట్టకండి" అని రాసి, ఆ రెండు రంగుల పేరు ఫోటో కింద పెట్టాను. అప్పుడతను రెండో విడతకు జనాన్ని కూడగడుతున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

మర్నాడు అతని వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. ఒక్క మాట తూలలేదు, దాంతో నాకు ఇంకా మండింది. గోరువెచ్చని నీళ్లలో కడగమన్నాడు, కడిగాను. సిరా మార్చమన్నాడు, మార్చాను. పాళీ మధ్య చీలికను వెలుతురుకు పట్టి చూడమంటే చూశాను, వెలుగు సన్నగా కనిపిస్తూనే ఉంది. కాగితం మార్చాను, కుర్చీ మార్చాను, ఆఖరికి కళ్లద్దాలు మార్చాను. నాలుగు మాటలు రాసేది, ఆగేది. ఆగినప్పుడల్లా విసురుగా లేచి వరండాలోకి పోయి, మొక్కలకు ఒక చెంబు నీళ్లు పోసి, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. ఆ వారంలో రెండు కుండీలు నీళ్లెక్కువై కుళ్లిపోయాయి.

అతను చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం చేయలేదు. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క నీళ్లలో వేసి కడగమన్నాడు. స్వామి సింధూరం పెట్టిన పాళీని ఎంగిలి గిన్నెల సబ్బుతో ఎట్లా కడిగేది? చేతులు రాలేదు. కడిగారా మేడం అని అడిగితే, కడిగాను అని చెప్పాను.

శుక్రవారం పొద్దున ఇక ఉండబట్టక సిరిసిల్ల బస్సెక్కాను. వేములవాడ దాటేదాకా ఏమేం అడగాలో వరుసగా పేర్చుకున్నాను. అతని షెడ్డు ఒక సందు చివర ఉంది. అటూ ఇటూ సాంచాల చప్పుడు, మాట వినబడాలంటే అరవాలి. అరవడం నాకు కష్టమా? పేర్చుకున్నదంతా అరిచేశాను. అతను లేత్ ఆపి, చేతులు తుడుచుకుంటూ నిలబడి విన్నాడు. అతని భార్య టీ తెచ్చి నా ముందు పెట్టి, నా మొహం చూడకుండానే లోపలికి పోయింది.

నేను అలిసిపోయాక పెన్ను ఇమ్మని చేయి చాచాడు. పాళీని బయటికి లాగాడు. పాళీ కింద సిరాను మోసుకొచ్చే నల్లటి ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని విడదీసి తెల్ల గుడ్డ మీద పెట్టి, దాని గాడిలో సూదితో గీకాడు. నారింజ రంగు జిడ్డు ముద్దగా వచ్చింది. ఇద్దరం దాన్ని చూశాం. 

"సింధూరం మేడం," అన్నాడు. "నూనెల కలుపుతరు గదా, గా నూనె లోపట పట్టింది. నూనె ఉన్న కాడ సిరా పారదు, ఉత్త నీళ్లతోని పోదు. సబ్బుతోని కడిగిన అన్నరు?"

నేను చల్లారిన టీ అందుకున్నాను. అతను మళ్లీ అడగలేదు. సబ్బు నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, సిరా పోసి నా చేతికిచ్చాడు. వర్షిత, వర్షిత, వర్షిత అని పేజీ నిండా రాశాను. ఒక్కచోట ఆగలేదు. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఇంత చక్కగా రాసే పెన్ను నా జన్మలో పట్టుకోలేదు.

అప్పుడు చెప్పాడు. రెండో విడతకు రెండు వందల మంది కావాలి. గడువు ఆదివారం సాయంత్రం ఆరు. నేను పోస్టు పెట్టే రోజుకు నూట ఎనభై ఎనిమిది మంది ఉన్నారు, దాని తర్వాత కొత్తగా చేరినవాళ్లు లేరు, ఉన్నవాళ్లలో పంతొమ్మిది మంది వెనక్కి తీసుకున్నారు. లేత్ కిరాయిది. ఈ విడత నిండకపోతే సోమవారం దాని యజమాని వేరేవాళ్లకు ఇచ్చేసుకుంటాడు, తను మళ్లీ ఎవరి షెడ్డులోనో సాంచాల పనికి పోవాలి. ఇదంతా నన్ను తప్పుపడుతున్నట్టు కాదు, వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు.

"జరిగింది జరిగినట్టు రెండు ముక్కలు రాయండ్రి మేడం. ఆదివారం ఆరింటి లోపట. గంతే."

ఇంటికి పోగానే రాస్తానన్నాను. నిజంగానే రాద్దామనుకున్నాను. బస్సు ఎక్కి కూర్చున్నాక మల్లాపూర్ ఆవిడ గుర్తొచ్చింది. కొండగట్టు ఆంజనేయుడి సింధూరం వల్లే పిల్ల పేరు దగ్గర పెన్ను ఆగిందని రాస్తే ఆవిడ ఊరుకుంటుందా? పెళ్లి చేసుకోని స్వామి, పెళ్లి కాగితం మీద ఆయనే అడ్డం పడ్డాడు, ఇంకేం సాక్ష్యం కావాలంటుంది. పెళ్లి ఇంకా ఇరవై రోజులుంది. నా వేలితో నేనే ఆ పిల్ల పెళ్లి చెడగొట్టుకోవాలా? అట్లాగని ఏం జరిగిందో చెప్పకుండా పెన్ను బాగుందని రాస్తే ఎవరు నమ్ముతారు? డబ్బు తీసుకుని మాట మార్చిందంటారు.

శుక్రవారం రాయలేదు. శనివారం మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేశాను. ఒకసారి తప్పు సిరాదని రాశాను, ఒకసారి మా బోరు నీళ్లదని రాశాను, ఇంకోసారి ఏం రాశానో నాకే గుర్తులేదు. క్లాక్ టవర్ దాకా నడిచి వెళ్లి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. ఫోన్ తీసి చూస్తే నూట అరవై తొమ్మిది. కాసేపాగి చూస్తే నూట అరవై ఎనిమిది. 

ఆదివారం మూడున్నరకు ఇక తట్టుకోలేక కోరుట్ల బస్సెక్కాను. ఇంటికి పోయేసరికి వర్షిత పెళ్లి జాకెట్లు ముందేసుకుని కూర్చుంది. వంటింట్లోకి తీసుకుపోయి, సింధూరం, సబ్బు, నా అబద్ధం, మల్లాపూర్ ఆవిడ మాట, అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. టైమెంతయిందని అడిగింది. నాలుగు ముప్పావు.

"గిప్పటిదాక ఏం చేసినవ్ అత్తమ్మా?"

"నీ గురించే ఆగిన బిడ్డా."

"నా పేరు కాడ ఆగింది పెన్ను. నేను ఆగలే గదా," అంది. "ఆళ్లేమన్న అంటె నేను చూస్కుంట. నా పేరు చెప్పి గాయన పని చెడగొట్టకు."

నా చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. వంటింటి గడప మీదే కూర్చుని రాశాను. పాళీకి సింధూరం పట్టించింది నేనే అని, సబ్బుతో కడగమంటే కడగకుండా కడిగానని అబద్ధం చెప్పానని, శుక్రవారమే నిజం తెలిసినా రెండు రోజులు నోరు మూసుకుని ఉన్నానని, ఆ పెన్నులో ఏ లోపమూ లేదని రాశాను. శ్రీశైలం బల్ల మీద వర్షిత పేరు నింపిన పేజీ ఫోటో కింద పెట్టాను. అయిదయింది.

అయిదుంబావుకు నూట డెబ్బై నాలుగు. అయిదున్నరకు నూట ఎనభై ఒకటి. వర్షిత తన స్నేహితులందరికీ పంపింది. నేను పోస్టాఫీసులో పనిచేసినవాళ్లకు ఫోన్లు చేశాను, ఏనాడూ ఒకరిని బతిమాలనిదాన్ని పేరు పేరునా బతిమాలాను. ఆరుకు రెండు నిమిషాలుందనగా నూట తొంభై మూడు. నూట తొంభై నాలుగు. ఆ తర్వాత డబ్బు కట్టే దారి మూసుకుపోయింది. ఆరున్నర లోపల ఇంకో పదకొండు మంది నా పోస్టు కింద రాశారు, ఇప్పుడే చూశామని, ఎక్కడ కట్టాలని.

శ్రీశైలానికి ఫోన్ చేశాను. తప్పు నాదే, క్షమించు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే కొత్తగా ఉంది. 

"ఒక్క దినం ముందుగాల రాస్తె అయిపోతుండె మేడం," అన్నాడు.

సోమవారం లేత్ వెళ్లిపోయింది. అతను ఇప్పుడు వేరేవాళ్ల షెడ్డులో సాంచాల భాగాలు చేస్తున్నాడు. లేత్‌కు కిరాయి నేను కడతానని ఒకసారి అడిగితే వద్దని మర్యాదగానే చెప్పాడు.

వర్షిత పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. పెళ్లయిన రెండు నెలలకు మల్లాపూర్ ఆవిడ కూతురికి సంబంధం కుదిరింది. లగ్నపత్రిక నేనే రాయాలని ఆవిడ పట్టుబట్టి కబురు పంపింది. నేను నమ్మలేకపోయాను. వెళ్తే నన్ను చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను పెట్టింది ఆ రోజే చదివిందట. స్వామి అడ్డం పడ్డాడని గానీ, అపశకునమని గానీ ఆవిడ మనసులోకే రాలేదట. మా వదినె పాళీకి కూడా బొట్టు పెట్టిందని చెప్పుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారట.

సంచీలోంచి నలభై ఒకటో నంబరు తీశాను. అయ్యగారు చెబుతుంటే రాశాను. పెళ్లికూతురి పేరు వచ్చింది, పెళ్లికొడుకు పేరు వచ్చింది, ఎక్కడా చుక్క తగ్గలేదు. ఆవిడ నా భుజం మీదుగా వంగి చూస్తూనే ఉంది. రాయడం అయిపోయాక పెన్ను తీసుకుని, మూత మీది నంబరు తడిమి చూసింది.

"ఎంత మంచిగ రాస్తుంది వదినా. ఏడ దొరుకుతది గీ పెన్ను? మా అల్లునికి ఒకటి తెప్పిస్త."

"ఇగ దొరకది వదినా," అన్నాను.