బావ మోకాలు బ్రహ్మాండం

మా బావ మాజీ సైనికుడు. డ్యూటీలో మోకాలు చితికింది. అయినా వైకల్య పింఛను దరఖాస్తు ఒకసారి తిరిగొచ్చింది. డాక్టరు అడిగితే "బాగుంది సార్!" అన్నాడు మరి. ఈసారి కొత్త దరఖాస్తుతో ఆసుపత్రికి అక్క, నేను వెంట వెళ్లాం.

"మోకాలెలా ఉంది?" అన్నాడు డాక్టరు.

బావ నిటారుగా నిలబడి, "బ్రహ్మాండం సార్!" అన్నాడు.

అక్క తల కొట్టుకుంది. "డాక్టరుగారూ, ఈయన్ని ఆ స్టూలు మీద కూర్చోమనండి."

"కూర్చోండి."

ఆర్డరంటే ఆర్డరే. బావ సగం వంగేసరికి మోకాలు మొరాయించింది. పక్కనున్న పరదా పట్టుకుని, దాంతో సహా కిందపడ్డాడు.

పరదాలోంచి గొంతు వచ్చింది. "కూర్చున్నాను సార్!"

డాక్టరు నవ్వాపుకుంటూ దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాశాడు.

నేను బావను లేపబోతే అక్క ఆపింది. "ఉండరా! దరఖాస్తు నంబరు, రసీదు చేతికొచ్చేదాకా అలాగే ఉండనీ. లేచాడంటే మళ్లీ బాగుందంటాడు!"