తలుపు తీసేవాళ్ళు

జమ్మలమడుగు ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో షంషాద్ మోకాళ్ళ మీద కూర్చుని మంచాల కింద తడిగుడ్డతో తుడుస్తూ వస్తోంది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఫినాయిలు నీళ్ళకు వేళ్ళ సందులు పగిలి తెల్లబడ్డాయి. ఏడో మంచం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది.

ఆ మంచం మీద ఓబులేసు మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ప్రొద్దుటూరు పత్తిమిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. దగ్గు ముదిరితే పనిలోంచి మాన్పించారు. ఆరు నెలల కిందట భార్య పోయింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని పక్కింటివాళ్ళు చూసి, బండిలో వేసుకొచ్చారు. ఇక భయం లేదు, సాయంత్రం పంపించేయమన్నాడు డాక్టరు.

కొత్త రాష్ట్రం పేరు అచ్చేసిన కాగితం మీద నర్సు నిర్మలమ్మ రాసుకుంటోంది. వయసు అరవై. మగ. భార్య లేదు. పని లేదు.

షంషాద్‌కు చదువు రాదు. అయినా పందొమ్మిదేళ్ళలో ఇలాంటివాళ్ళను ఎంతోమందిని చూసింది. పెళ్ళయిన ఏడాదికే వచ్చిన ఆడపిల్లల చుట్టూ ఏడ్చేవాళ్ళయినా ఉండేవాళ్ళు. పెండ్లాం పోయిన ముసలివాళ్ళు ఈ మంచాల దాకా రావడమే తక్కువ. వాళ్ళు దారిలోనే పోయేవాళ్ళు. అందుకే ఆమె ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేది. ఓబులేసునూ అదే అడిగింది.

"అన్నా, ఇంటికి పోతే తలుపు తీసేదెవరు?"

ఓబులేసు గోడతో చెప్పినట్టు చెప్పాడు. "ఎవరుండారుమ్మా. నేనే తీసుకోవల్ల."

"మళ్ళా సచ్చిపోదామనుకుంటాండావా?"

నిర్మలమ్మ కలం ఆగింది. అలా అడగొద్దన్నట్టు చూసింది. షంషాద్ పట్టించుకోలేదు.

ఓబులేసు మూడు రోజుల్లో మొదటిసారి ఇటు తిరిగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇంతవరకూ ఆ మాట తననెవరూ అడగలేదన్నాడు. రాజుపాలెంలో చెల్లెలుందనీ, ఆమెకు బరువు కాకూడదని కబురు చేయలేదనీ చెప్పాడు.

షంషాద్ నిర్మలమ్మ చేత ఆ చెల్లెలికి చీటీ రాయించి రాజుపాలెం బస్సు కండక్టరుకిచ్చింది. ఎవరో ఒకరు వచ్చేదాకా పంపొద్దని డాక్టరును బతిమాలుకుంది.

మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే ఓబులేసు అడిగాడు.

"మరి నీకు తీసేదెవరుమ్మా?"

షంషాద్ గ్లాసు అతని నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టింది. మొగుడు పోయి ఇరవై ఏళ్ళు. ఒక్కగానొక్క కూతురు పురిట్లోనే పోయింది.

"తాగన్నా, సల్లారిపోతాది," అంది.

నాలుగింటికి చెల్లెలు శివమ్మ వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో మంచం అంచున కూర్చుంది.

"మా ఇంటికి పోదాం పద. బర్రెకు నీళ్ళు పెట్టేవాళ్ళు లేక సస్తాండా," అంది.

ఆమె తెచ్చిన పంచె కట్టుకొని ఓబులేసు లేచాడు. వచ్చినప్పుడు తన ఒంటిమీదున్న పంచె ఏదని అడిగాడు.

"ఉతికినా. ఇంకా ఆరలేదన్నా," అంది షంషాద్. "శుక్రవారం వచ్చి తీసుకపో. నేను ఈడే ఉంటా."

మే నెల ఎండ. ఓబులేసు కిటికీలోంచి పెరటివైపు చూశాడు.

"శుక్రవారం వస్తాలేమ్మా," అన్నాడు.

అన్నాచెల్లెళ్ళు గేటు దాటేదాకా చూసి, ఆమె బకెట్టు తీసుకొని లోపలికి వెళ్ళింది. పెరట్లో తీగమీద, పొద్దున పదింటికే ఎండిపోయిన పంచె వేడిగాలికి పెళపెళలాడుతూ ఉంది.