పరుపు ఎండలో వేసిన రోజు

ముసురు వదిలినా, రేపల్లెలో ప్రభుకిరణ్ అద్దెకుంటున్న ఇంట్లో పడగ్గదికి పట్టిన ముక్కిన వాసన వదల్లేదు. ఆ సాయంత్రమే భార్య శ్రావ్యనీ పసిబిడ్డనీ ఆసుపత్రి నుంచి తీసుకురావాలి. నేల కడిగాడు, సాంబ్రాణి వేశాడు. పొగ పోగానే మళ్లీ అదే వాసన.

ఇంతలో గుమ్మంలో అత్తగారు వెంకటరత్నమ్మ కనిపించింది. కూతురు మతం కాని వాణ్ణి చేసుకుందని, పెళ్లయ్యాక ఆవిడ భట్టిప్రోలు నుంచి ఒక్కసారీ రాలేదు.

"రండి అత్తయ్యగారూ," అన్నాడు తడబడుతూ.

ఆవిడ గదిలోకి వచ్చి, వాసన చూసి, చెంగు నడుముకి దోపింది.

"ఆ మంచం అటు పట్టుకో."

మంచం జరిపితే వెనక గోడంతా, పరుపు అంచంతా బూజు.

"గోడకి ఆనిస్తే గాలెలా ఆడుద్ది? పొగేస్తే పోద్దా ఇది?"

ఇద్దరూ పరుపు ఎండలో వేశారు. గోడ సబ్బునీళ్లతో తుడిచి, కిటికీలు బార్లా తెరిచారు. మధ్యాహ్నానికి వాసన పోయింది.

సాయంత్రం ఆటో దిగిన శ్రావ్య, తల్లిని చూసి ఏడ్చేసింది. వెంకటరత్నమ్మ బిడ్డని ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి తలెత్తి అల్లుణ్ణి అడిగింది.

"నువ్వేం కూర తింటావు బాబూ?"