రేటింగు మీద ఇచ్చిన గాజులు

చార్మినార్ పక్క గల్లీలో మాది మూడు తరాల గాజుల దుకాణం. మొహం చూసి గానీ అరువివ్వం. శశిధర్ విషయంలో మాత్రం ఆ పద్ధతి తప్పాను.

శశిధర్ భీమవరం మనిషి, సీరియళ్లు తీస్తాడు. పెళ్లి ఘట్టానికి మా లక్క గాజులు, నగల సెట్లు కావాలన్నాడు. పెళ్లి నడిచే మూడు వారాల్లో ఒక్కసారి రేటింగు ఐదు దాటినా ఛానల్ అతనికి పూర్తి రేటు కడుతుంది, అతను నాకు పూర్తిగా ఇస్తాడు. దాటకపోతే ఛానల్ కోత పెడుతుంది, నాకు సగమే. ఆ సగం గాజులు చేసినవాళ్ల కూలికే చాలదు. పెళ్లంటే ఎవరు చూడరులే అని ఒప్పుకున్నాను.

వారం రేటింగులు గురువారం బయటికొస్తాయి. మొదటి గురువారం నాలుగున్నర వచ్చింది. వెంటనే దుకాణం ముందు బోర్డు పెట్టాను: నిన్నటి ఎపిసోడ్ కథ చెప్పినవారికి జత గాజులు ఉచితం. ఆడవాళ్లు ఎగబడ్డారు. మా పక్క బస్తీ లాల్‌దర్వాజాలో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా మా సీరియల్ పాటే.

రెండో గురువారం రేటింగు ఇంకా తగ్గింది. శశిధర్‌కు ఫోన్ చేశాను.

"ఏంది భాయ్, లాల్‌దర్వాజా మొత్తం మన సీరియలే చూసె. కిందికెట్ల వోతది?"

అతను పగలబడి నవ్వాడు. "ఆ టీవీలకు రేటింగు లెక్కించే మీటర్లున్నాయా వైకుంఠం గారూ? ఎంచుకున్న కొన్ని ఇళ్లల్లోనే పెడతారండీ. చూసేవాళ్లు రిమోట్ మీద ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. ఒక్కో ఇల్లు వేల ఇళ్ల కింద లెక్క."

"గట్లనా! ఆ ఇండ్లేవో చెప్పు, గాజులు ఆడికే పంపుత."

"బాబోయ్! అవెవరివో మాకే తెలియనివ్వరు. మీరు గాజులు పంపితే ఇద్దరం పోలీస్ స్టేషన్లో కూర్చుంటాం!"

ఫోన్ పెట్టేశాను. గుప్పెడు గింజలు చూసి బస్తాకు ధర కట్టడం నాకు తెలుసు. కానీ ఆ గుప్పెడు కొనేవాడి చేతిలో ఉంటుంది. ఇక్కడ ఆ గింజలు ఎక్కడున్నాయో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. అయినా వాటి మీదే ఇంత వ్యాపారం నిలబడి ఉంది!

ఇక చేయగలిగిందేమీ లేదు. బోర్డు తీసేశాను. మూడో వారం తాళి కట్టే రోజున టీవీ ముందు మా ఆవిడ సుశీల పక్కన కూర్చున్నాను. నా కళ్లు పెళ్లికూతురి గాజుల మీదే ఉన్నాయి. సుశీల మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఏడ్సి ఏం లాభమే? మనింట్ల మీటర్ లేదు."

"నీ మీటర్ కోసం ఏడుస్తున్ననా? జరుగు, కనవడ్తలేదు."

మూడో గురువారం ఐదు దాటింది. సాయంత్రానికి శశిధర్ పూర్తి డబ్బు పంపాడు. గాజులు చేసినవాళ్ల కూలి వెంటనే ఇచ్చేశాను. ఇంటికొచ్చాక కూడా నా మనసు ఒకచోట నిలవలేదు. ఏ ఊళ్లోనో, ఏ ఇంట్లోనో ఒకావిడ అన్నం గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని, తన బటన్ నొక్కింది. నా దుకాణం పేరు కూడా ఆమెకు తెలియదు.

"సుశీలా, మీటరున్న ఇంట్ల మన సీరియల్ చూసినామె ఎవలో, ఆమెకు శుక్రియా ఎట్ల చెప్పాల్నే?" అన్నాను.

"ఆమె నీ కోసం చూసిందా ఏంది? పెండ్లి మంచిగ జరగాల్నని చూసింది," అంది సుశీల.