గదికి ముగ్గురు పెద్దలు

టిఫిన్ డబ్బాల మూతల్లోంచి రబ్బరు రింగులు లాగి కడుగుతున్నాను. కత్తి మొనతో లాగితే తెగుతాయి, గోరుతోనే లాగాలి. ఆ గాడిలో ఇరుక్కున్న జిడ్డు పాత పళ్ళబ్రష్‌తో గీకితే తప్ప పోదు. మూడో మూత చేతిలో ఉండగా హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏం కౌంటరమ్మా, హోటల్ తేల్చావా?"

కంటి ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్లో పనిచేస్తాను కాబట్టి నాకా పేరు. పెళ్ళయిన కొత్తలో ముద్దుగానే ఉండేది.

"రెండు చూశానండీ. ఇంకా చదువుతున్నాను."

"రెండు హోటళ్ళు చదవడానికి వారమా?"

"పల్లెటూరి బడి చదువు కదరా, కూడబలుక్కోవాలి పాపం," అన్నారు అత్తయ్య. టీవీ చూస్తూనే అన్నారు. ఆవిడ నన్ను అనే మాటలకి నా వైపు తిరిగి చూడాల్సిన అవసరం కూడా ఉండదు.

ఆ మాట నిజమే. నేను నెమ్మదిగా చదువుతాను. మా ఊరి బడిలో నలుగురికి ఒక పుస్తకం ఉండేది. వరస కింద వేలు పెట్టుకుని చదవాలి, వేలు తీస్తే పక్కవాళ్ళు పేజీ తిప్పేసేవారు. ఆ భయం ఇప్పటికీ పోలేదు. ఏ కాగితం ఇచ్చినా చివరి అక్షరం దాకా చదివేదాకా నాకు తోచదు.

ఏటా పాప సెలవుల్లో మూడు రోజులు ఎక్కడికైనా వెళ్తాం. అత్తయ్య, మామయ్య, మా ఆయన, ఆరేళ్ళ పాప, నేను. హోటల్ ఎంచడం నా వంతు. ఎందుకంటే అది బాగోకపోతే ఎవరో ఒకరు మాట పడాలి కదా. బాగుంటే మాత్రం "మావాడు ఎంత మంచి చోటికి తీసుకొచ్చాడో" అని అత్తయ్య ఫోన్లో అందరికీ చెప్తారు. మరీ చవకది వద్దు, నల్లులుంటాయి. మరీ ఖరీదైంది వద్దు, చెంచాలు పట్టుకోవడానికి కూడా మొహమాటం. ఊరూరా బ్రాంచీలున్న మధ్యరకం హోటలే కావాలి. అత్తయ్య మోకాళ్ళకి లిఫ్టు దగ్గరి గది, పాపకి ఈతకొలను, మామయ్యకి ఎత్తు తగిన కమోడ్. వీటన్నిటికంటే ముందు నేను చూసేది బాత్రూంలో ప్లగ్గు పాయింటు. మామయ్యకి బయట వండినవి పడవు. అందుకని చిన్న కరెంటు కుక్కర్ పట్టుకెళ్తాం. గదిలో వండితే పొగ గంట మోగుతుందని ఒక ఏడాది తెలిసొచ్చింది. ఆ అంతస్తులో వాళ్ళందరూ పిల్లల్ని ఎత్తుకుని మెట్ల మీదకి పరిగెత్తారు. అప్పటినుంచి బాత్రూంలో, వాష్‌బేసిన్ పక్కన కుక్కర్ పెట్టి, కమోడ్ మూత మీద కూర్చుని కూరగాయలు తరుగుతాను. హోటల్ ఫొటోల్లో అందరూ పరుపులు చూస్తారు. నేను గెడ్డం గీసుకునే మిషన్‌కి పెట్టిన ప్లగ్గు ఎక్కడుందో చూస్తాను.

నాకు ఈసారి ఆకుపచ్చ బోర్డు వాళ్ళ హోటల్ నచ్చింది. బాత్రూంకి కిటికీ ఉంది. కానీ మా ఆయన ఒప్పుకోలేదు. నాలుగేళ్ళుగా వెళ్తున్న నీలం బోర్డు వాళ్ళదే ఖాయం చెయ్యమన్నారు. ప్రతిసారీ చివరి ఫారం తనే నింపేవారు, "ఇంగ్లీషులో ఉంటుంది, నీవల్ల కాదు" అని. రోజుకి నూట యాభై ఫారాలు నింపేదాన్ని నేనని ఆయనకి తెలియక కాదు. ఈసారి వాళ్ళ ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. అందుకని పాస్‌వర్డ్ నాకిచ్చారు. "పాత బుకింగ్ మీద నొక్కి తేదీలు మార్చు, చాలు. వివరాలన్నీ అందులోనే ఉన్నాయి."

మర్నాడు మధ్యాహ్నం కౌంటర్ మూసిన అరగంటలో, డబ్బా పక్కన పెట్టుకుని ఫోన్ తెరిచాను. పాత బుకింగ్ వచ్చింది. పెద్దలు ముగ్గురు అని ఉంది. మామయ్య పేరు, అత్తయ్య పేరు, మా ఆయన పేరు. పిల్లలు ఒకరు, పాప పేరు. నా పేరు కోసం ఇంకా కిందకి జరిపాను. చివర్లో వేరే గడి ఉంది. సహాయకులు: 1. పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు.

నేనే ఏదో వరస వదిలేశాననుకున్నాను. వేలు పెట్టి మళ్ళీ పైనుంచి చదివాను. అంతకు ముందు ఏడాదిది తీశాను. దాని ముందుది తీశాను. నాలుగూ అంతే. అప్పుడు అడుగున సన్న అక్షరాల్లో ఉన్న నియమాలు చదివాను. గదికి ముగ్గురు పెద్దలే. నాలుగో మనిషి ఉంటే రెండో గది తీసుకోవాలి. ముసలివాళ్ళు వెంట ఉన్న కుటుంబాలు మాత్రం పనిమనిషినో, ఆయానో ఒకరిని అదే గదిలో ఉంచుకోవచ్చు, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. వాళ్ళకి నేలమీద పరుపు. ఉదయం ఫలహారం లేదు. ఈతకొలనులోకి ప్రవేశం లేదు. టవళ్ళు లేవు.

డబ్బా మూత తీయలేదు. నాలుగు ప్రయాణాలూ వరసగా కళ్ళ ముందుకొచ్చి, ఒక్కొక్కటీ తన అర్థం చెప్పి వెళ్ళాయి. రిసెప్షన్లో అందరి ముంజేతులకీ నీలం కాగితప్పట్టీలు చుట్టేవాళ్ళు. నా దాకా వచ్చేసరికి ఆయన నన్ను సామాన్ల దగ్గరికి పంపేవారు. పొద్దున్నే అందరూ కిందకి తినడానికి వెళ్తుంటే, "నీకు లేవగానే తినే అలవాటు లేదుగా, ఈలోపు బ్యాగులు సర్దెయ్" అనేవారు. అలవాటు లేదని నేనూ నమ్మాను! పాప కొరికి వదిలేసిన రొట్టెముక్కలు, సగం గుడ్డు టిష్యూ కాగితంలో చుట్టి తెచ్చేవారు. వాటిని ప్రేమ అనుకుని తిన్నాను. కొలను దగ్గర కాపలా ఆయన "అటు గోడవారకి కూర్చో అమ్మా" అంటే, తడుస్తానని జాలిపడ్డాడనుకున్నాను. కిందటేడు గది తుడవడానికొచ్చిన ఆవిడ బాత్రూం తలుపు దగ్గర నిలబడి, నా కుక్కర్ వైపు, నా వైపు చూసి, "వీళ్ళ దగ్గర ఎన్నేళ్ళయింది?" అని అడిగింది. ఏడేళ్ళన్నాను. "మంచివాళ్ళేనా?" అంది. మంచివాళ్ళేనన్నాను. వెళ్ళేటప్పుడు తన బండిలోంచి ఒక టవల్ తీసి నా ఒళ్ళో పెట్టి, "ఎవరికీ చెప్పకు" అంది. ఆ నాలుగు ప్రయాణాల్లో నాకంటూ ఎవరైనా ఇచ్చింది అదొక్కటే.

మా ఆసుపత్రి ఫారంలో ఒక గడి ఉంటుంది, వెంట వచ్చినవారు అని. దాని పక్కనే సంబంధం అని ఇంకో గడి. అది నింపకపోతే కంప్యూటర్ ముందుకి కదలదు. పక్కింటివాళ్ళొస్తే పక్కిల్లు అనీ, ఆటో అతను తీసుకొస్తే ఆటో అతను అనీ రాస్తాను. ఎవరినీ ఖాళీగా వదల్లేదు ఇన్నేళ్ళూ.

ఆ సాయంత్రం అందరికీ వడ్డించాక అడిగాను. గొంతు పెంచలేదు. "హోటల్ వాళ్ళ ఫారంలో సహాయకులు అనే గడిలో వేసి, నన్ను పనిమనిషిగా రాశారేంటండీ?"

ఆయన కంగారు పడతారనుకున్నాను. కనీసం ముద్ద ఆగుతుందనుకున్నాను. "అదా!" అని నవ్వేశారు. "దానికా మొహం అలా వేలాడేశావ్? వాళ్ళ రూల్లో వెసులుబాటుంది, వాడుకున్నాం. ఫారంలో రాసినంత మాత్రాన నువ్వు పనిమనిషివైపోతావా?"

అప్పుడర్థమైంది. పాస్‌వర్డ్ నాకిచ్చింది మర్చిపోయి కాదు. దాచాల్సిన విషయమని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

"తెలివైన పనే," అన్నారు మామయ్య, మజ్జిగ గ్లాసు దించి. "గది ఒకటే అయితే అందరం కలిసున్నట్టు ఉంటుంది."

"అందులో నీ పేరుందా?" అని అడిగారు అత్తయ్య.

"లేదత్తయ్యా. పేరు ఖాళీగా ఉంది."

"పేరే లేనప్పుడు అది నిన్నేనని నువ్వెందుకు మీదేసుకుంటున్నావ్?"

అందరూ నవ్వారు. ఆ మాట అంత బాగా కుదిరినందుకు అత్తయ్య కూడా ముచ్చటపడ్డారు. పాప అందరి మొహాలూ చూసి తనూ నవ్వింది. తర్వాత అడిగింది, "సహాయకులు అంటే ఏంటి నాన్నా?"

"అమ్మలాగా అన్నమాట," అన్నారాయన. "హెల్ప్ చేసేవాళ్ళు."

రెండ్రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పాప హాల్లో హోటల్ ఆట ఆడుతోంది. అట్టపెట్టె గది. అందులో మూడు పెద్ద బొమ్మలు, ఒక చిన్న బొమ్మ వరసగా పడుకున్నాయి. చేతులకి నీలం కాగితం ముక్కలు చుట్టి ఉన్నాయి. గది బయట, చెప్పుల పక్కన, చీపురుపుల్లకి గుడ్డపీలిక చుట్టిన ఇంకో బొమ్మ ఉంది.

"అది ఎవరమ్మా?"

"నువ్వే."

"మరి నాకు పట్టీ కట్టలేదేం?"

పాప నన్ను, అంత తేలిక సంగతి కూడా తెలియనందుకు, ఓపిగ్గా చూసింది. "నువ్వు హెల్పర్‌వి కదమ్మా. నీకుండదు." అని మళ్ళీ ఆటలో పడింది. దానికి నా మీద కోపం లేదు. నన్ను ఏడిపించాలని కూడా అనలేదు. ఎక్కాలు చెప్పినట్టు చెప్పింది.

ఆ క్షణందాకా నేను నా గురించే బాధపడుతున్నాను. ఈసారీ అలాగే వెళ్తే, ఆ మూడు రోజుల్లో పాప ఇంకేం నేర్చుకుంటుందో అక్కడే నిలబడి చూశాను.

ఫారం నేనే నింపాను. పెద్దలు నలుగురు. నా పేరు పూర్తిగా రాశాను, పుట్టింటి ఇంటిపేరు కూడా కలిపి. సంబంధం దగ్గర భార్య అని పెట్టాను. రెండో గది తీసుకోండి అని ఎర్రటి వరస వచ్చింది. ఫోన్ అలాగే ఆయనకిచ్చాను. "నా పేరుతోనే వెళ్దాం. రెండో గదికి నా జీతంలోంచి కడదాం."

"నీ జీతమేంటి, నా జీతమేంటి? ఇంట్లో డబ్బు ఇంట్లోదే." ఫోన్ తీసుకుని, నా ఎదురుగానే నా పేరు మీద బొటనవేలు పెట్టి ఒక్కో అక్షరమే చెరిపేశారు. పేరు పొడుగ్గా ఉండటంతో కాసేపు పట్టింది. కింది గడిలో 1 నొక్కారు. "అయిపోయింది చూడు. ఇంత చిన్న పనికి రాద్ధాంతం. రావడం ఇష్టం లేకపోతే చెప్పు, మానేద్దాం. పాపకి మాత్రం నువ్వే చెప్పుకో, అమ్మవల్లే ఆగిపోయిందని."

అటకమీంచి సంచులు దించాను. సంచులు దించితే ఒప్పుకున్నట్టే లెక్క మా ఇంట్లో.

బయల్దేరే రోజు పొద్దున ఎనిమిదింటికి కారొచ్చింది. మామయ్య మందులు, అత్తయ్య మోకాళ్ళ పట్టీలు, పాప ఈతబట్టలు, అన్నీ ఎప్పటిలాగే సర్ది పేర్లు రాసిన సంచుల్లో పెట్టాను. ఒక్కదాన్లో కూడా నా బట్టలు లేవు. ఎవరూ గమనించలేదు. గమనించాలంటే ఎప్పుడైనా చూసి ఉండాలి.

మా ఆసుపత్రిలో మూడో అంతస్తు ఊడ్చే ఆయా ఉండేది. పదకొండేళ్ళు చేసింది. ఒక సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే, "ఇక రాను బాబూ" అని పెట్టేసిందట. ఎందుకని ఎవరూ అడగలేదు. పనివాళ్ళు మానేస్తారు, అంతే. అద్దం ముందు జడ వేసుకుంటుంటే అది గుర్తొచ్చింది. భార్య అయితే కారణం చెప్పాలి, ఏడవాలి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఒప్పించాలి. నాలుగేళ్ళుగా వీళ్ళు నాకు రాసిపెట్టిన ఉద్యోగంలో అవేమీ అక్కర్లేదు. మానెయ్యొచ్చు.

ఆసుపత్రికి కిందటి వారమే చెప్పాను, సెలవు రద్దు చెయ్యమని. నా డ్యూటీ తొమ్మిదింటికి.

"అమ్మాయ్, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోశావా?" అత్తయ్య గదిలోంచి అడుగుతున్నారు. "అమ్మాయ్, నా శాలువా పైన పెట్టావా, అడుగున పెట్టావా?" మామయ్య బాత్రూంలో ఉన్నారు. మా ఆయన కారు వెనక డిక్కీలో తల పెట్టి, సంచులు అటూ ఇటూ మారుస్తూ, "ఇంకెంతసేపు కౌంటరమ్మా!" అని అరిచారు.

డ్యూటీ బ్యాగు భుజానికి వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గేటు దాటాను.

పాప అప్పటికే కారు వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసింది. నేనెక్కుతాననుకుని గబగబా లోపలికి జరిగి, తను కోరి పట్టుకున్న కిటికీ పక్క చోటు నాకు వదిలి, సీటు మీద చేత్తో రెండుసార్లు తట్టింది.

నేను బస్టాపు వైపు నడిచాను.