తప్పు సభలో, మెప్పు చాటున

ఉదయ ప్రార్థన ముగించి బెంజమిన్ మాస్టారు కంప్యూటరు తెరిచారు. వచ్చిన ఉత్తరంలో రెండు వాక్యాలు చదివి, ఆయన మళ్ళీ మొదటి నుండి చదివారు.

‘పఠని’ తెలుగును చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. దానిని ఎవరైనా విప్పి చూడవచ్చు, దిద్దవచ్చు. చర్చ అంతా అందరి ఎదుటనే. చూపు పోయిన భార్య విమల దేవుని వాక్యం వినడానికి దానినే నమ్ముకొన్నది. అందుకే జమ్మలమడుగులో తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు రెండేళ్ళుగా దాని పఠన దోషాలను ఎత్తి చూపుతున్నారు. పద్యంలో గొంతు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిర్ణయించే భాగాన్ని ఫాయిజా అనే సభ్యురాలు రాసింది. దాని కింద పది రోజుల క్రితం ఆయన రాశారు: “గానుగెద్దు నడక దీనికంటె నయం. చెవి లేనివారు పద్యం జోలికి రారాదు.”

ఇప్పుడు ‘పఠని’ సభ్యుల మర్యాదలు చూసే బృందం ఈ ఉత్తరం రాసింది: ఆనాటి నుండి ఫాయిజా పలకడం లేదు, తన పేరు తీసివేయమని మాత్రం కోరారు. మీ సంజాయిషీ మాకు పంపండి. ఆమెను నేరుగా కలవవద్దు.

“ఏందయ్యా, ఉలుకూ పలుకూ లేదు?” అన్నది విమల.

“ఒక బిడ్డను నొప్పించినా, విమలా. పది దినాలుగా మాట లేదంట. ఏమన్నా చేసుకునిందో ఏమో!”

“బళ్ళోనూ ఇంతే గదా నువ్వు! తిట్టేది పదిమందిలో, మెచ్చుకునేది తలుపేసుకోని నా కాడ.”

అది నిజమే. తప్పు సభలో చెప్పాలి, మెప్పు చాటున దాచాలి, లేకుంటే శిష్యుడికి గర్వం తలకెక్కుతుందని ఆయన గురువు నేర్పిన పద్ధతి. ఆ మాట రాసిన రోజున కూడా, ఒక్కచోట తప్ప ఆ పని అద్భుతమని విమలతో అన్నారు. ఫాయిజా వినలేదు.

కీడు శంకించిన మనస్సు నిలువనీయలేదు. అపరాధి తానే నొచ్చినవారి గడప తొక్కి క్షమాపణ వేడుకోవడమే ఆయన ఎరిగిన ధర్మం. తండ్రికి ప్రొద్దుటూరులో కుట్టు దుకాణం ఉన్నదని ఆమె ఎప్పుడో రాసిన మాట జ్ఞాపకం వచ్చింది. పదిగంటల బస్సెక్కారు. దారి పొడవునా దేవుణ్ణి ఒక్కటే అడిగారు: ఆ బిడ్డ బ్రతికి ఉండాలి.

నాలుగు దుకాణాలు విచారించి ఆమె తండ్రి లాల్ బాషాను పట్టుకొన్నారు.

“ఫాయిజా కోసమా? రాండి సార్, కూర్చోండి. బేటీ, ఎవరో పెద్దసారు వచ్చినారు!”

దుకాణం వెనుకనున్న ఇంటి తెర తొలగించుకొని ఆమె వచ్చింది. మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. తన పేరు చెప్పారు. ఆమె తెర దగ్గరే ఆగిపోయింది. వేళ్ళు తెరను బిగించి పట్టుకొన్నాయి.

“నా అడ్రసు ఎవరిచ్చినారు?”

“ఎవరూ ఈలేదమ్మా. నేనే ఎతుక్కుంటా...”

“ఎతుక్కుంటా ఇంటికే వస్తారా? మీరు ఒక మాట రాసినందుకే నా పేరు తీసేయమంటి. ఇంగ యాడికి పోయి దాంకోవల్ల సార్?”

కుట్టుమిషను ఆగింది. లాల్ బాషా కత్తెరతోనే లేచాడు. “ఏమంటివయ్యా నా బిడ్డను?”

మాస్టారు గడప దాకా వెనక్కు జరిగారు. ఆయనను భయపెట్టినది కత్తెర కాదు, ఆమె కన్నులు. తన గుండెలోని భయాన్ని దించుకొనడానికి వచ్చి, దానిని ఈ ఇంట దింపానని అర్థమయింది.

“తప్పు నాదేనప్పా. పోతాండా. మళ్ళీ రాను.”

ఇంటికి చేరి, అందరూ చూసే చోటనే రాశారు: తాను అన్న మాట తప్పు, వద్దన్నా ఆమె ఇల్లు వెదకి వెళ్ళడం అంతకంటె పెద్ద తప్పు. ఆమె పనిలో మెచ్చుకోదగినవాటిని వరుసగా చెప్పారు. ఆమె ఉన్నచోట ఇక తాను ఉండనన్నారు.

మూడు వారాలు ఆ పుట తెరవాలంటేనే భయపడ్డారు. ఒక ఉదయం విమల వింటున్న పద్యంలో ‘పఠని’ గొంతు సరైన తావున ఆగి, ఊపిరి తీసుకొని సాగింది. ఆ పుట తెరిచి చూశారు. సవరణ కింద ఫాయిజా పేరు మళ్ళీ ఉన్నది, పక్కన ఒక వాక్యం: “నేను పని చేస్తాను, ఆయన మాత్రం నాకు రాయకూడదు.”

“శానా బాగుంది గదయ్యా! ఆ పాపకు ఓ మాట రాయగూడదా?” అన్నది విమల.

మాస్టారు చేతులు వెనక్కు తీసుకొన్నారు. “రాయగూడదు, విమలా. మళ్ళీ ఒకతూరి ఇనిపించు.”